చేతుల మీద కూర్చునే మనిషి

కుప్పంలో ఆయన పోయాడని మా అమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడు నేను మదనపల్లెలో మా అంగడిలో కూర్చుని ఎవరిదో లాప్‌టాప్‌కు ఫార్మాట్ కొడుతున్నాను. "నాన్నా, సార్ లేడు" అంది. తర్వాత ఏడుపు వచ్చింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆ ఏడుపంతా విన్నాను. పాపం అనిపించాలి కదా. అనిపించింది, కాదనను. కానీ అంతకంటే ముందు ఇంకొకటి అనిపించింది. నాకు డెంగ్యూ వచ్చి ఆసుపత్రి మంచం మీద పడి ఉన్నప్పుడు ఈ పిల్ల ఇంతగా ఏడవలేదే అని.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో ఆ పేరు ఇప్పటికే కావలసినదానికంటే ఎక్కువగా వినపడింది. సెలవులకు వచ్చిన పిల్ల అన్నం ముందు కూర్చుంటే ఆ పేరు, టీవీ పెడితే ఆ పేరు, కరెంటు పోతే ఆ పేరు. ఆ పేరు లేకుండా ఒక పూట గడిస్తే బాగుండునని నేను కోరుకున్న రోజులున్నాయి. ఇప్పుడు రాసేది నేనే కాబట్టి ఆపాటి అధికారం నాకుంది.

మా అమ్మాయి కుప్పంలో ఇంజనీరింగ్ చదివింది. ఆయన ఇంటి మిద్దె మీద గదిలో స్నేహితురాళ్ళతో కలిసి అద్దెకుండేది. ఆయన టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. జుట్టుకు రంగు వేసేవాడు. అదీ మామూలు నలుపు కాదు, కొత్త బూటు నలుపు. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ నలగని ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దాకా గుండీలు, వరండా నీడలో కూడా కూలింగ్ గ్లాసులు. భార్యతో తమిళం, పాలాయనతో కన్నడం, మాతో తెలుగు. కోపం వస్తే మాత్రం ఇంగ్లీషు. గొప్పలకు కొదవ లేదు. "ఈ ఊర్లో ఎవురింట్లో ఫోను మోగినా నా పుణ్యమేనప్పా. నేను ఎక్కని స్తంభం లేదు" అనేవాడు. ఇంజనీర్లు స్తంభాలెక్కరని నాకు తెలుసు. మా అమ్మాయి నోరు తెరుచుకుని వింటోంది కదా అని ఊరుకున్నాను.

రిటైరయ్యాక కొందరు భజన పట్టుకుంటారు, కొందరు పొద్దున నడక పట్టుకుంటారు. ఆయన లినక్స్ పట్టుకున్నాడు, విండోస్ బదులు కంప్యూటర్‌లో ఉచితంగా ఎక్కించుకునేది. కాలేజీ పిల్లలు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని ఆయన వరండాకు వచ్చేవాళ్ళు. ఆయన పేము కుర్చీలో కూర్చోగానే రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకునేవాడు. ఇక లేచేదాకా వాటిని బయటికి తీసేవాడు కాదు. "ఎదుటోళ్ళ మిషన్ మింద మనం సెయ్యి ఎయ్యగూడదు. ఏస్తే పని మనకొస్తాది, వాళ్ళకి రాదు" అనేవాడు. పిల్లల చేతులు కీబోర్డు మీద ఉండాలి, ఆయన తన చేతుల మీద కూర్చోవాలి. పక్కన ఊరికే చూసే పిల్లలు కూడా అలాగే కూర్చునేవాళ్ళు. అదీ ఆయన పద్ధతి. చూపించాలంటే గడ్డంతో చూపించేవాడు. "ఆడ, ఆ మూల, ఇంకా కింద" అంటూ గడ్డం ముందుకు చాపితే పిల్లలు ఆ గడ్డం ఎటు తిరిగితే అటు మౌస్ తిప్పేవాళ్ళు. మధ్యలో ఆయన భార్య అందరికీ కాఫీ తెచ్చేది. ఆయన మాత్రం ఎప్పుడూ "నేను ఇంతకుముందే తాగినా" అనేవాడు.

మా అంగడి పద్ధతి వేరు. మదనపల్లెలో మిషన్‌కు ఏ జబ్బు వచ్చినా ఫార్మాటే మందు, అంటే లోపలిదంతా చెరిపేసి విండోస్ మళ్ళీ ఎక్కించడం. స్లోగా ఉందా, ఫార్మాట్. సౌండు రావడం లేదా, ఫార్మాట్. జనానికీ అదే నమ్మకం. ఫార్మాట్ కొట్టకుండా బాగుచేసి ఇచ్చామంటే, "ఏమప్పా, ఏమీ చెయ్యకుండానే ఇచ్చినావే" అని అనుమానంగా చూస్తారు. ఈ మాట ఆయనతో అంటే కూలింగ్ గ్లాసులు ముక్కు మీదికి జారేలా నవ్వాడు. నేను మర్చిపోలేదు.

మొదటిసారి ఆయన్ని చూసింది ఒక బ్రైట్‌నెస్ గొడవలోనే. పాపకు నేను మా అంగడి నుంచే మంచి లాప్‌టాప్ ఏరి ఇచ్చాను. కాలేజీలో కావాలన్నారని దానిలో లినక్స్ ఎక్కించుకుంది. అప్పటి నుంచి తెర వెలుగు తగ్గడం మానేసింది. మీట నొక్కితే తెర మీద చిన్న బొమ్మ వస్తుంది, అందులో గీత పెరుగుతుంది, తగ్గుతుంది. వెలుగు మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. కళ్ళ నీళ్ళు కారి, తలనొప్పి వచ్చి, చివరికి తెర మీద పల్చటి చున్నీ కప్పుకుని చదువుతోందట. ఈ సంగతి నాకు మా ఆవిడ చెప్పింది. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "చెప్తే నువ్వు ఫార్మాట్ కొడతావని" అంది మా ఆవిడ.

కంప్యూటర్ అంగడివాడి కూతురు చున్నీ కప్పుకుని చదవడమా! విండోస్ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని కుప్పం బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి వరండాలో పని మొదలైపోయింది. పాప లాప్‌టాప్ ముందు, ఆయన పక్కన, చేతులు తొడల కింద. నన్ను చూసి పాప చెప్పిన మొదటి మాట "ఎప్పుడొచ్చినావు నాన్నా" కాదు. "నాన్నా, ఫార్మాట్ వద్దు."

ఆయన నా జేబువైపు చూశాడు. "ఏమప్పా, మందు జోబులోనే పెట్టుకోని వచ్చినావే! కూసో. రోగమేందో కనుక్కోనీ ముందు." తర్వాత పాపవైపు తిరిగి, "ముందర ఏం జరిగిందో చెప్పు. ఏమనుకుంటాండావో తర్వాత చెబ్దువు" అన్నాడు.

"మీట నొక్కితే గీత కదులుతాంది సార్. వెలుగు మారలే."

"అంటే మీట పని జేస్తాండాది. ఆ మాట యాడికో పోతాండాది. ఇనాల్సినోడికి పోలే. ఎంతమంది ఉండారో సూడు లోపల."

పాప ఏదో టైపు చేసింది. తెర వెలుగును చూసుకునే ప్రోగ్రాములు లోపల రెండున్నాయి. ఒకటి ఊరికే పేరుకు ఉంది, ఇంకొకటి నిజంగా తెర వెనక దీపం దగ్గర ఉంది. మీట చెప్పే మాటంతా ఆ పేరుకున్నదానికే పోతోంది. "ఒగదానికే నెంబరు మార్చు. మార్చి సూడు. రెండూ ఒగేసారి ముట్టుకోగాకు" అన్నాడు. మొదటిదానికి మార్చింది, ఏమీ కాలేదు. రెండోదానికి మార్చింది. తెర మెత్తబడింది. "తగ్గింది సార్!" అని కేక పెట్టింది పాప. మిషన్ స్టార్ట్ అయ్యేచోట ఒక మాట చేర్చమని ఆయన గడ్డంతో చెప్పాడు. చేర్చి, ఆపి, మళ్ళీ వేస్తే మీటలు బుద్ధిగా మాట విన్నాయి. పొద్దున కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నానికి లేచారు. నేనైతే విండోస్ ఎక్కించి గంటలో ఇచ్చేవాణ్ణి, కళ్ళు ఎలాగూ బాగుపడేవి. ఈ మాట నేను ఇప్పటికీ అంటాను.

కానీ అసలు బాధ అది కాదు. "తగ్గింది" అన్నప్పుడు పాప ముఖం ఆయనవైపు తిరిగింది. చిన్నప్పుడు సైకిల్ పడిపోకుండా తొక్కిన రోజు వెనక్కి తిరిగి నన్ను చూసిన ముఖమే అది. అది నాదనుకున్నాను. నేను పక్కనే నిలబడి ఉండగా ఇంకొకరికి పోయింది.

ఆ ఏడు సెలవుల్లో పాప అంగడికి వచ్చి కూర్చుంది. టమాటా మార్కెట్ యార్డులో మండీ నడిపే బి.కొత్తకోట మనిషి ఒకతను లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నిన్న బానే ఉండె. పొద్దున మండీలో తీస్తే నల్లగా ఉండాది. సచ్చిపోయినట్లుండాదప్పా" అన్నాడు. నా చెయ్యి అప్పటికే పెన్‌డ్రైవ్ మీదికి పోయింది. పాప స్టూలు లాక్కుని కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"అన్నా, ముందర ఏం జరిగిందో చెప్పండి" అంది.

"ఏం జరిగింది తల్లీ, మా ఆడమనిషి వెలుగు కండ్లకు కొడతాందని అరిసింటే తగ్గిచ్చినా. అంతే."

"ఎంత తగ్గిచ్చినారు?"

"ఆమె అరుపు ఆగేదాకా తగ్గిచ్చినా."

"అయితే అదే మీట పక్కది నొక్కండన్నా. పగటి వెలుతురులో అంత తక్కువ వెలుగు కనపడదు."

నొక్కాడు. తెర వచ్చింది. మండీ ఆయన సంతోషం చెప్పనలవి కాదు. "పాప సురుకప్పా! యాడ నేర్చినావు తల్లీ?" అన్నాడు. నేను కొంచెం నిటారుగా నిలబడ్డాను. ఈ అంగడిలో, ఈ బల్ల కిందే పాకిన పిల్ల. ర్యామ్‌ను రబ్బరుతో తుడవడం నేను నేర్పాను. విప్పిన స్క్రూలు కలిసిపోకుండా బిస్కెట్ డబ్బా మూతలో పెట్టడం నేను నేర్పాను. ఫ్యాన్ చప్పుడు విని దుమ్ము పట్టిందో, అరిగిపోయిందో చెప్పడం నేను నేర్పాను.

"కుప్పంలోన్నా" అంది పాప.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ ఎందుకని అడిగితే ఎండ దెబ్బ అన్నాను.

చదువు అయిపోయి గది ఖాళీ చేసేటప్పుడు నా పాత వ్యాను తీసుకుని నేనే వెళ్ళాను. పాప మిద్దె మీద సామాను సర్దుతోంది. కింద వరండాలో నేనూ ఆయనా మిగిలాం. ఆయన ముందు స్టూలు మీద ఆయన సొంత లాప్‌టాప్ తెరిచి ఉంది. ఎండ ఎక్కువై తెర సరిగా కనపడటం లేదు. "ఏమప్పా, ఆ వెలుగు మీట రొంత నొక్కు" అన్నాడు ఎప్పటిలాగే గడ్డం చాపి.

నాకు మంచి అవకాశం దొరికింది. "ఎదుటోళ్ళ మిషన్ మీద చెయ్యి వేయకూడదు కదా సార్. మీదే కదా, మీరే నొక్కండి" అన్నాను.

ఆయన వీధివైపు చూశాడు, మెట్లవైపు చూశాడు. తర్వాత తొడ కింద నుంచి కుడి చెయ్యి తీశాడు. అది వణుకుతోంది. కొంచెంగా కాదు, వేళ్ళు వేటికవే ఎగురుతున్నాయి. ఆ చేతిని గాలిలో నిలబెట్టి, గురి చూసి, మీట మీదికి దించాడు. పెంచేదాని బదులు తగ్గించేది తగిలింది. వేలు దాని మీదే టపటపా కొట్టుకుంది. తెర తగ్గి, తగ్గి, పూర్తిగా నల్లబడిపోయింది. లినక్స్‌లో కొన్ని మిషన్లకు అడుగుదాకా తగ్గిస్తే దీపమే ఆరిపోతుంది.

ఆయన చెయ్యి మళ్ళీ తొడ కిందికి పోయింది. కూలింగ్ గ్లాసుల వెనక కళ్ళు ఎలా ఉన్నాయో తెలియదు. "సూసినావు గదా" అన్నాడు.

నేను వంగి, పెంచే మీట నొక్కిపట్టాను. వెలుగు వచ్చింది.

"పాపకు చెప్పగాకప్పా" అన్నాడు. "పిల్లోల్లకి తెలిస్తే నాకు అన్నీ అందిచ్చను పోటీ పడతారు. మిషన్ మింద సూపుండదు, నా మింద ఉంటాది."

"చెప్పను సార్" అన్నాను. ఏమనగలను? ఆ మీట సంగతి తీసేస్తే ఆయన ఏ రోజూ నన్ను ఏదీ అడగలేదు. అడిగిన ఒక్కటీ ఇది. మిద్దె మీద నుంచి పాప దిగి వచ్చింది. "ఏం మాట్లాడుకుంటాండారు?" అంది. "మీ నాయన మదనపల్లె టమాటా రేటు చెప్తాండాడు" అన్నాడు ఆయన, ఏమీ ఎరగనట్టు. అబద్ధం ఆడటంలో కూడా నాకంటే ముందే ఉన్నాడు.

ఆలోచించండి. జిల్లాలో సగం మంది పిల్లలకు వెలుగులు సరిచేసిన మనిషి. ఆయన తెరకు వెలుగు తెచ్చింది నేను. నా జీవితంలో ఆయన మీద గెలిచిన ఒకే ఒక్క రోజు అది. దాన్ని ఎవరితోనూ చెప్పుకోడానికి వీల్లేకుండా మాట తీసుకున్నాడు.

తర్వాత పాప పుంగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరైంది. బెంగళూరుకు పొమ్మని అందరూ చెప్పినా వినలేదు. పిల్లలకు నేర్పాలి అంది. ఎవరిని చూసి అందో వేరే చెప్పాలా? స్కూల్లో పాత లాప్‌టాప్‌లు ఉంటే అన్నింటికీ లినక్సే ఎక్కించింది. ఒకసారి ఛార్జర్లు ఇద్దామని వెళ్ళి ల్యాబు తలుపు తోశాను. ఒక్కో మిషన్ దగ్గర ఒకరు టైపు చేస్తున్నారు. మిగతావాళ్ళంతా వరసగా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో మా అమ్మాయి, అదే తీరున, గడ్డంతో చూపిస్తోంది.

"ఎందుకమ్మా అట్లా కూర్చున్నారు?" అని దగ్గరున్న ఒక చిన్నపిల్లను అడిగాను.

"అది మా మిస్సు వాళ్ళ సార్ పద్ధతి అంకుల్" అంది ఆ పిల్ల గర్వంగా.

పద్ధతి! నాలుక చివరిదాకా వచ్చింది. అది పద్ధతి కాదు తల్లీ, ఒక పెద్దమనిషి వణుకు అని. ఒక్క మాట అంటే చాలు, ఆ గది నిండా చేతులు బయటికి వస్తాయి. మింగేశాను. ఛార్జర్లు బల్ల మీద పెట్టి, మాటకు కట్టుబడే మనిషినని నన్ను నేనే మెచ్చుకుంటూ బస్టాండుకు నడిచాను. ఇంకెవరూ మెచ్చుకునే వీలు లేదు కదా.

ఇప్పుడు ఆయన పోయాడు. వ్యాను తీసుకుని పుంగనూరు పోయి పాపను ఎక్కించుకుని కుప్పం వెళ్ళాను. పలమనేరు, వి.కోట, దారి పొడుగునా ముక్కు చీదుతూనే ఉంది. వరండాలోనే పడుకోబెట్టారు. ఇస్త్రీ చొక్కా, రంగు వేసిన జుట్టు. చేతులు రెండూ ఛాతీ మీద పెట్టారు. అవి బయట ఉండి కూడా కదలకుండా ఉండటం నేను మొదటిసారి చూశాను.

వీధి నిండా ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు. ఇప్పుడు పిల్లలు కాదు, ఉద్యోగాలు చేస్తున్నారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒకతను, "సేతులు కట్టేసుకోని సదువు చెప్పినాడన్నా. అట్లాంటాయన యాడా ఉండడు" అని తెలియనివాళ్ళందరికీ చెబుతున్నాడు. మా అమ్మాయి ఆయన భార్య పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. నేను గేటు దగ్గర నిలబడి లెక్క వేసుకున్నాను. నేను పోతే ఎవరు వస్తారు? రిపేరుకిచ్చిన తమ మిషన్ ఏమైందని అడగడానికి వస్తారు.

తిరిగి వచ్చేటప్పుడు వి.కోటలో టీ కోసం ఆపాను. ఎండ ఇంకా తగ్గలేదు. బెంచీ మీద కూర్చున్నాక పాప అంది, "నువ్వు సార్‌ను ఎప్పుడూ ఇష్టపడలే నాన్నా."

"అవును" అన్నాను. "నువ్వు ఆయన్ను చూసినట్టు నన్ను ఏ రోజైనా చూశావా? నాకు కుళ్ళు. ఇప్పుడు కూడా కుళ్ళే. ఏం చేయమంటావు?"

పాప నావైపు ఆశ్చర్యంగా చూసింది. నా నోరు ఇక ఆగలేదు. మాట తీసుకున్న మనిషి పోయాడు, మాట కూడా పోయిందనుకున్నాను. "ఒకటి చెప్తా విను. మీరంతా పద్ధతి పద్ధతి అంటారే, అది పద్ధతీ కాదు, పాడూ కాదు. ఆయన చేతులు వణికేవి. అది కనపడకూడదని కింద పెట్టుకునేవాడు. నేను కళ్ళారా చూశాను."

పాప టీ ఊదుకుంది. "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"చేరిన కొత్తలోనే తెలుసు. ఆయమ్మ ఆయనకు సొక్కా గుండీలు పెడతాంటే చూసినా. కాఫీ గూడా లోపల ఆమే తాపిస్తాండె."

"మరి నువ్వెందుకు అట్లా కూర్చునేదానివి?"

"ఆయనొక్కడే కూసుంటే అందరూ ఆయన చేతులే చూస్తారు గదా నాన్నా. నేనూ కూసున్నా. నన్ను చూసి ఫ్రెండ్స్ కూసున్నారు. తర్వాత వచ్చినోళ్ళు అదే పద్ధతి అనుకున్నారు."

"ఎవరికీ చెప్పలేదా? మీ అమ్మకు?"

"ఎవురికీ చెప్పలే. సార్‌కు గూడా, నాకు తెలుసని."

నేను గ్లాసు కింద పెట్టేశాను. ఇన్నేళ్ళూ నేనేదో పెద్ద రహస్యాన్ని కడుపులో దాచుకుని తిరిగాననుకున్నాను. ఈ పిల్ల దాన్ని నాకంటే ముందు నుంచీ, నాకంటే శ్రద్ధగా దాచింది. దానికి కాపలాగా ఒక స్కూలు మొత్తాన్ని చేతుల మీద కూర్చోబెట్టింది. ఆయన చదువుకు, ఆయన గడ్డానికి, ఆయన కోసం కారిన కన్నీళ్ళకు పడిన కుళ్ళంతా ఒక ఎత్తు. ఇలా దాచిపెట్టేవాళ్ళు ఒక మనిషికి దొరకడం మీద పుట్టిన కుళ్ళు ఇంకొక ఎత్తు.

"నాకు అట్లాంటిది ఏదైనా ఉంటే, నాకోసం గూడా దాస్తావా?" అన్నాను. అడిగాక సిగ్గేసింది. చిన్నపిల్లాడు అడిగినట్టు ఉంది.

పాప గ్లాసు ఖాళీ చేసి లేచింది. "ఉండాయి గదా నాన్నా" అంది.

"ఏం ఉండాయి?"

"చెప్పేస్తే ఇంక దాచేదేముంది?" అని చున్నీతో ముఖం తుడుచుకుని వ్యాను ఎక్కి కూర్చుంది.

పుంగనూరు చేరేదాకా అవేమై ఉంటాయా అని ఒకటే ఆలోచన. దారి పొడుగునా కుప్పం ఆయన నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.